ఫైలు ఎప్పుడు మూతపడుతుంది?

(బద్వేలులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతున్నదో ఆయన పేరు మీ వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఊరు పిలిచినట్టే ప్లీడరు గారనే అంటాను. పోరుమామిళ్ల నుంచి అట్లూరు దాకా ఆ మాట చాలేది. ఏ ప్లీడరని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆయన దగ్గర జూనియరుగా చేరినప్పుడు నాకు మొదట వింతగా తోచింది ఒకటుంది. రైతు తహశీల్దారు ఉత్తర్వు పట్టుకొని వస్తాడు. మొహం వాడిపోయి ఉంటుంది. "సార్, ఆర్డరు వాళ్లకు పడిపోయిందంట" అంటాడు. ప్లీడరు గారు ఆ కాగితం అందుకునేవారే గానీ చదివేవారు కాదు. "ఇది నీ చేతికి ఎప్పుడొచ్చింది? కవరేది?" అని అడిగేవారు. కవరు పారేసి వచ్చినవాడికి తిట్లు తప్పేవి కావు. కవరు ఉంటే, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం పెట్టి, పోస్టాఫీసు ముద్రలో అంకెలు పోల్చుకునేవారు. ముద్ర సగం పడి, సిరా అలుక్కుపోయి ఉండేది. ఆ అంకెలు తేలాక కవరును ఉత్తర్వుకు గుండుసూదితో గుచ్చి, అందిన తేదీ రైతు చేతనే రాయించి, పక్కన సంతకమో వేలిముద్రో వేయించేవారు. ఉత్తర్వులో ఏముందో చదవడం ఆ తర్వాత పని.

ఆ వరుస ఎందుకో అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. ఉత్తర్వు తప్పా ఒప్పా అన్నది వాదించి తేల్చుకోవచ్చు. కానీ వాదించే హక్కు ఇంకా ఉందో లేదో తేల్చేది తేదీ. రెవెన్యూ ఉత్తర్వు సరైనది కాబట్టి ఖాయం కాదు. దాన్ని ఎవరూ వేళకు ప్రశ్నించలేదు కాబట్టి ఖాయమవుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది దీని గురించే. ఈ గడువు అందరికీ ఒకేలా నడవదన్నది నా ఫిర్యాదు.

మొదట రోజూ చూసే చట్టం చూద్దాం. భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, 1971. హక్కుల రికార్డు అయిన 1బి లో పేరు మార్చినా, మార్చనన్నా అది ఈ చట్టం కింద తహశీల్దారు ఇచ్చే ఉత్తర్వే. సెక్షన్ 5 లోని ఐదో ఉపవిభాగం దాని మీద ఆర్డీఓకు అప్పీలు ఇచ్చింది. గడువు 60 రోజులు. ఎప్పటి నుంచి? ఉత్తర్వు తెలియజేసిన నాటి నుంచి. ఆర్డీఓ నిర్ణయం అంతిమం, అయితే సెక్షన్ 9కి లోబడి. అంటే కలెక్టరు, మన వాడుకలో జేసీ (జాయింట్ కలెక్టరు), తానుగా గానీ ఎవరైనా అడిగితే గానీ రికార్డు తెప్పించుకుని సరిచూడవచ్చు. ఆ పైన సెక్షన్ 8 ఉంది: నమోదు వల్ల హక్కు దెబ్బతిన్నవాడు సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేసుకోవచ్చు, కోర్టు ఏం తేలిస్తే రికార్డును అట్లా దిద్దాలి. అంతదాకా సెక్షన్ 6 ప్రకారం రికార్డులో ఉన్నదే నిజమని అనుకోవాలి. ఈ మెట్లన్నిటికీ బయట రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు ఉంటుంది.

కాగితం మీద ఇది చక్కని నిచ్చెన. బద్వేలు వాళ్లకు ఆ నిచ్చెన రెండో మెట్టు 2021 దాకా రాజంపేటలో ఉండేది. ఆ ఏడాది బద్వేలు రెవెన్యూ డివిజన్ అయింది, ఆర్డీఓ కోర్టు ఇక్కడికే వచ్చింది. కలసపాడు రైతుకు వాయిదా అంటే ఏమిటో, ముందు రోజే బయల్దేరి రాజంపేట చేరితే "సార్ క్యాంపులో ఉన్నారు" అనే మాట విని తిరిగి రావడమేమిటో ఇక్కడున్న పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అప్పీలు హక్కు చట్టంలో ఉన్నంత మాత్రాన సరిపోదు, బస్సు ఛార్జీలకు అందేంత దూరంలో కూడా ఉండాలి.

ఇప్పుడు "తెలియజేసిన నాటి నుంచి" అన్న చోట కాస్త ఆగుదాం. 1961లో సుప్రీంకోర్టు ముందుకు ఉత్తరప్రదేశ్ నుంచి రాజా హరీశ్ చంద్ర రాజ్ సింగ్ కేసు వచ్చింది. భూసేకరణ అవార్డు మీద ఆరు నెలల్లో అభ్యంతరం చెప్పాలి. అధికారి సంతకం చేసి ఫైల్లో పెట్టేశాడు, భూమి యజమానికి తెలిసేసరికి గడువు దాటిపోయింది. అవార్డు తేదీ అంటే అధికారి సంతకం చేసిన రోజు అనుకుంటే న్యాయం కాదని, అది అవతలివాడికి తెలిసిన రోజు, లేదా తెలిసి ఉండాల్సిన రోజు అని కోర్టు చెప్పింది. ఆ మరుసటి ఏడాది బచ్చిత్తర్ సింగ్ కేసులో, పంజాబ్ నుంచి వచ్చింది, సాక్షాత్తు మంత్రి ఫైల్లో రాసుకున్న నిర్ణయం కూడా సంబంధిత వ్యక్తికి తెలియజేసేదాకా ఉత్తర్వు కాదని, అంతవరకు మార్చుకోవచ్చని తేలింది. ప్లీడరు గారి భూతద్దం వెనక ఉన్నది ఈ రెండు తీర్పులే.

కానీ "తెలిసి ఉండాల్సిన రోజు" అన్న చివరి మాటలో చిక్కుంది. సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపితే అందినట్టే భావించమని జనరల్ క్లాజెస్ చట్టం అంటుంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్లు నోటీసు మీది తేదీ నుంచి 5 రోజుల్లో అందినట్టు లెక్కగట్టి, అక్కడి నుంచి అప్పీలుకు 60 రోజులిస్తారు. అందలేదంటే అందలేదని చూపించుకోవాల్సింది నువ్వే. అక్కడ ప్రతి ఇంటికీ నంబరు, ప్రతి గుమ్మానికీ పెట్టె ఉంటాయి. మన వైపు పట్టాదారు కువైట్లో ఉంటాడు. ఇంట్లో ముసలమ్మ ఉంటుంది. గ్రామ సేవకుడు వచ్చి, ఆమె ఏదో అడిగేలోగా, నోటీసు తలుపుకు అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకొని వెళ్లిపోతాడు. ఆ సాక్షులు తరచుగా అవతలి పార్టీ మనుషులే అయి ఉంటారు. రెండేళ్లకు కొడుకు సెలవు మీద వచ్చి, బ్యాంకులో పంట రుణం కోసం 1బి తీయిస్తే అందులో చిన్నాన్న పేరుంటుంది. ఆ రోజు నుంచి లెక్కపెట్టాలా, తలుపుకు అంటించిన రోజు నుంచా? ఇట్లాంటి కేసుల్లో ప్లీడరు గారి వాదన ఎప్పుడూ ఒకటే: పాస్‌పోర్టు ముద్రలు చూడండి, మనిషి దేశంలోనే లేడు.

ఈ విషయంలో మన హైకోర్టు 2007లో ఒక ఫుల్ బెంచ్ తీర్పు ఇచ్చింది. చిన్నం పాండురంగం కేసు. శేరిలింగంపల్లి మండల రెవెన్యూ అధికారి మీద వేసింది. 1బి మార్చాలంటే నోటీసు బోర్డు మీద ఫారం 8 అంటించడం చాలదా, మనిషి మనిషికీ రాతపూర్వకంగా ఇవ్వాలా అన్నది ప్రశ్న. రికార్డులో పేరున్నవాళ్లకు, ఆ భూమిలో సంబంధం ఉన్నవాళ్లకు విడిగా నోటీసు ఇచ్చి తీరాల్సిందేనని, బహిరంగ ప్రకటన దానికి బదులు కాదని ఫుల్ బెంచ్ చెప్పింది. తహశీల్దారు కార్యాలయాల్లో పనిచేసే మిత్రులు ఎవరైనా ఇక్కడుంటే ఒక విన్నపం. ఈ తీర్పు కాపీ ఒకటి మీ సెక్షన్ గోడకు అంటించండి. మీరు రాసిన ఉత్తర్వుల్లో హైకోర్టులో నిలబడనివి లెక్కపెడితే, చట్టం తెలియక పోయినవాటి కన్నా నోటీసు ఇవ్వక పోయినవే ఎక్కువ ఉంటాయని నా అంచనా.

ఇప్పుడు రైతులకు. సోమవారం అర్జీ గురించి మాట్లాడకుండా ఈ సభ నుంచి వెళ్తే ప్లీడరు గారి ఆత్మ నన్ను క్షమించదు.

ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారింది. ప్రజావాణి అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పని ఒకటే. సోమవారం కలెక్టరేట్‌కు వెళ్తాం, వరుసలో నిలబడతాం, కలెక్టరు గారి చేతికి కాగితం ఇస్తాం, కంప్యూటరు రసీదు వస్తుంది, ఫోనుకు మెసేజి వస్తుంది. మనసు కుదుటపడుతుంది. పెద్దసారు చేతికే ఇచ్చాం గదా. ఆ అర్జీ అక్కడి నుంచి జేసీకి, అక్కడి నుంచి ఆర్డీఓకు, అక్కడి నుంచి ఎవరి ఉత్తర్వు మీద ఫిర్యాదు చేశామో ఆ తహశీల్దారుకే చేరుతుంది. ఆయన "విచారించి ఇంతకుముందే ఉత్తర్వు ఇచ్చి ఉన్నాము, అర్జీదారు అప్పీలు చేసుకోవచ్చు" అని రాసి ముగిస్తాడు. అది తప్పేమీ కాదు, చట్టం ప్రకారం సరైన జవాబే. కానీ ఆ జవాబు వచ్చేసరికి 60 రోజులు దాటిపోయి ఉంటాయి. అర్జీ అప్పీలు కాదు. అర్జీ ఇచ్చినందువల్ల గడువు ఆగదు. కలెక్టరుకు ఇచ్చినా, ముఖ్యమంత్రికి ఇచ్చినా ఆగదు. అప్పీలంటే మెమో ఉండాలి, ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ ఉండాలి, ఏ సెక్షన్ కిందో రాసి ఉండాలి, ఆర్డీఓ ఆఫీసులో నంబరు పడాలి. అర్జీ ఇవ్వొద్దని నేననడం లేదు. ముందు అప్పీలు వేసి, తర్వాత అర్జీ ఇవ్వండి.

గడువు దాటితే ఏమవుతుంది? "ఆలస్యాన్ని మన్నించండి" అని అడగవచ్చు గదా అంటారు. సివిల్ కోర్టులో అయితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 ఉంది. రెవెన్యూ అధికారి కోర్టు కాదు. 1985లో సుప్రీంకోర్టు శకురు వర్సెస్ తానాజీ కేసులో ఈ మాటే తేల్చింది. తెలంగాణ ప్రాంత కౌలుదారీ చట్టం కింద పుట్టిన తగాదా అది. లిమిటేషన్ చట్టం కోర్టులకే వర్తిస్తుంది, ఆ ప్రత్యేక చట్టంలోనే మన్నించే అధికారం ఇచ్చి ఉంటే తప్ప అప్పీలు వినే కలెక్టరుకు ఆలస్యాన్ని మన్నించే శక్తి లేదని చెప్పింది. కాబట్టి ఏ చట్టం కింద వెళ్తున్నామో ఆ చట్టంలో ఆలస్యం గురించి ఏముందో వెతకడం ప్లీడరు మొదటి పని. బార్లో కొత్తగా చేరిన పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారని నాకనిపిస్తుంది.

ఇది పేదవాళ్లకు మాత్రమే తగిలే దెబ్బ కాదు. హార్లిక్స్ చేసిన గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ కంపెనీ కూడా తిన్నది. కాకినాడ లార్జ్ టాక్స్‌పేయర్స్ యూనిట్ అధికారి 2017లో వ్యాట్ అసెస్‌మెంట్ ఉత్తర్వు ఇచ్చారు. అప్పీలు గడువు 30 రోజులు, కారణం చూపిస్తే ఇంకో 30. కంపెనీ ఆ రెండూ దాటేసి ఏడాది తర్వాత మేల్కొంది. పన్నుల వ్యవహారం చూసే ఉద్యోగి మాకు చెప్పలేదన్నది. హైకోర్టు కొంత కనికరించింది. 2020 మేలో సుప్రీంకోర్టు ఆ కనికరాన్ని కొట్టేసింది. చట్టం గరిష్ఠ గడువు పెట్టినప్పుడు, దాన్ని దాటినవాడికి 226 కింద దొడ్డిదారి తెరవకూడదన్నది. పెద్ద పెద్ద లాయర్లున్న కంపెనీ పరిస్థితే అది. గోపవరం రైతు మాటేమిటి?

ఇంతదాకా చెప్పింది గడువు ఒక వైపు ఎట్లా కోస్తుందో. రెండో వైపు చూడండి.

రైతుకు 60 రోజులు. ప్రభుత్వానికి? చాలా భూ చట్టాల్లో పై అధికారికి తానుగా ఫైలు తెరిచే అధికారం ఉంది, కొన్నింటిలో "ఎప్పుడైనా" అని రాసి మరీ ఇచ్చారు. పట్టా ఇచ్చి, పాసుబుక్కు ఇచ్చి, శిస్తు కట్టించుకొని, బ్యాంకు రుణాలిచ్చి, రెండు మూడు తరాలు సేద్యం చేశాక ఒక రోజు నోటీసు వస్తుంది: "మీ పట్టా ఎందుకు రద్దు చేయరాదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." ఖాయమన్నది ఒకే వైపు తెరుచుకునే తలుపులా పనిచేస్తోంది. రైతుకు మూతపడింది, సర్కారుకు గడియే లేదు.

ఈ అన్యాయాన్ని కోర్టులు చూడలేదని అనలేం. 1969లో గుజరాత్‌కు చెందిన పటేల్ రఘవ్ నాథా కేసులో, కలెక్టరు ఇచ్చిన అనుమతిని ఏడాది దాటాక కమిషనరు రద్దు చేస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గడువు రాయకపోయినా సమంజసమైన కాలంలోనే సమీక్ష జరగాలంది. 2003లో మన ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం కేసు. కౌలుదారీ చట్టం 50-బి లో "ఎప్పుడైనా" అన్న మాట అచ్చంగా ఉంది. ఎప్పుడైనా అంటే ఎన్నేళ్ల తర్వాతైనా అని అర్థం కాదని, మోసం జరిగిందని అన్నా ఆ మోసం బయటపడినప్పటి నుంచి సమంజసమైన కాలంలో కదలాలని కోర్టు చెప్పింది. 2015లో రంగారెడ్డి జిల్లా నరసింగరావు కేసులో 1950ల నాటి ఖాస్రా పహాణీ నమోదును దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత కదిలించబోయిన ప్రభుత్వం ఓడిపోయింది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇబ్రహీంపట్నం కేసులో ఫైలు తెరవమని అడిగింది ధనికులు కాదు, కూలీల సంఘం. 50-బి కింద ఇచ్చిన పాత సర్టిఫికెట్లు వాళ్లకు అన్యాయంగా కనిపించాయి. గడువు సూత్రం అక్కడ వాళ్లకే ఎదురు తిరిగింది. ఖాయం చేయడమే న్యాయం అని నేను వాదించడం లేదు. మోసం చేసి సంపాదించిన ఉత్తర్వు ఏ దశలోనైనా చెల్లదని చెంగల్వరాయ నాయుడు కేసులో 1990ల మొదట్లోనే సుప్రీంకోర్టు అన్నది, అదీ నిజమే. నాకు కావలసిందల్లా ఒకటే: మోసం అన్నవాడు మోసాన్ని చూపించాలి. "రికార్డు పరిశీలనలో తేలింది" అన్న ముక్క చాలదు.

మన జిల్లాలో ఈ ఒకవైపు గడువుకు ఒక ఉదాహరణ ఉంది. చుక్కల భూములు. ఆర్‌ఎస్‌ఆర్ తీసి చూసినవాళ్లకు తెలుసు. వందేళ్ల కిందటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అది. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, తరం ఉంటుంది, పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు ఉంటాయి. ఇది సర్కారుదా, రైతుదా అని ఆ రోజు సెటిల్‌మెంటు అధికారి తేల్చలేకపోయాడు, లేదా తేల్చడానికి ఓపిక లేక నాలుగు చుక్కలు పెట్టి ముందుకు పోయాడు. అందులో ఏ విచారణా జరగలేదు, ఏ నిర్ణయమూ లేదు. కానీ తర్వాత ఆ చుక్కలనే సర్కారు తనకు అనుకూలమైన తీర్పుగా చదువుకుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో చేర్చింది. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామని సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి పోయేదాకా ఆ జాబితాలో తన నంబరు ఉందని రైతుకు తెలీదు. అభ్యంతరం చెప్పమని ఎవరూ పిలవలేదు, ఉత్తర్వు లేదు, కవరు లేదు, ముద్ర లేదు. అప్పీలు దేని మీద వేయాలి?

2015 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఈ జాబితాలు వెబ్‌సైటులో పెట్టాలని, అభ్యంతరాలు వినే యంత్రాంగం ఉండాలని చెప్పింది. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చింది, జిల్లా స్థాయి కమిటీ ముందు 12 ఏళ్ల అనుభవం చూపిస్తే చుక్కల స్థానంలో పేరు రాస్తామన్నది. ప్రతివాడూ మళ్లీ దరఖాస్తు, మళ్లీ విచారణ. 2023 మేలో ప్రభుత్వం కావలి సభలో రెండు లక్షల ఎకరాలకు పైగా ఒక్కసారిగా జాబితా నుంచి తీసేసింది. విచారణ లేకుండా పెట్టింది, విచారణ లేకుండా తీసింది. రైతుకు మేలే జరిగింది, నేను కాదనను. కానీ విచారణ లేకుండా వచ్చిన మేలును రేపు ఇంకొకరు విచారణ లేకుండానే వెనక్కి తీసుకోగలరు.

డీకేటీ, అంటే ప్రభుత్వం పట్టా ఇచ్చిన అసైన్డ్ భూముల్లో ఆ వెనక్కి తీసుకోవడమూ చూశాం. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణ, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన మూల లబ్ధిదారుకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. మండలాల్లో ఫైళ్లు కదిలాయి, చాలా భూములు ఫ్రీహోల్డ్ అయ్యాయి. 2024లో ప్రభుత్వం మారింది, అక్రమాలు జరిగాయని చెప్పి ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్రమాలు జరగలేదని నేను చెప్పబోవడం లేదు. జరిగినవి ఏ నంబర్లో, ఏ ఊళ్లో అని ఒక్కొక్కటీ తేల్చి ఉత్తర్వు ఇచ్చి ఆపితే అది సరైన పని. ఇక్కడ నిజమైన అసైనీ, అతని దగ్గర చవకగా కొన్న పెద్దమనిషి ఒకే తాడుకు కట్టేసి ఉన్నారు. ఇంకో విషయం. మన ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి 1142 జీవోకు ముందు ఇచ్చిన డీకేటీ పట్టాల్లో అమ్మరాదన్న షరతే లేదు. మీ తాత పట్టా కాగితం మీద తేదీ అంతకు ముందుదైతే మీది అసలు ఈ తగాదా కాదు. ట్రంకు పెట్టెలో అడుగున వెతకండి.

ఇక సర్కారు "ఇది మా భూమి, ఆక్రమించావు" అని 1905 నాటి ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇస్తే? సెక్షన్ 7 నోటీసు, సెక్షన్ 6 ఉత్తర్వు, ఖాళీ చేయించడం. ఇది క్లుప్త విచారణ. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ పక్కన హబ్సిగూడ భూముల మీద 1982లో తుమ్మల కృష్ణారావు కేసు తేలింది. హక్కు మీద నిజమైన తగాదా, ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్నచోట తహశీల్దారు ఆ క్లుప్త దారిలో హక్కు తేల్చకూడదని, ప్రభుత్వమైనా సివిల్ కోర్టుకే పోవాలని సుప్రీంకోర్టు అన్నది. ఈ తీర్పును ప్లీడరు గారు ప్రతి 7 నోటీసు జవాబులోనూ మొదటి పేరాలోనే రాసేవారు. టైపిస్టు దాన్ని చూడకుండా కొట్టేవాడు.

హైకోర్టుకు నేరుగా పోవడం గురించి కొద్దిగా. అప్పీలు దారి ఉండగా రిట్ వేస్తే సాధారణంగా వెనక్కి పంపుతారు. వర్ల్‌పూల్ కేసు, 1998, మినహాయింపులు చెప్పింది: వినకుండా ఇచ్చిన ఉత్తర్వు, అధికారమే లేని అధికారి ఇచ్చిన ఉత్తర్వు, ప్రాథమిక హక్కుకు భంగం, చట్టమే చెల్లదన్న వాదన. ఇందులో మనకు రోజూ పనికొచ్చేది మొదటిది. ఇంకొకటి మొహిందర్ సింగ్ గిల్ కేసు, 1977. ఉత్తర్వులో రాయని కారణాన్ని తర్వాత కౌంటరు అఫిడవిట్‌లో పుట్టించకూడదన్నది. అందుకే సర్టిఫైడ్ కాపీ కోసం పట్టుబట్టండి. "దాఖలాలు పరిశీలించి తిరస్కరించడమైనది" అని ఒక్క వాక్యంతో ముగిస్తే ఆ వాక్యమే మీ బలం. ఆ ఒక్క వాక్యాన్ని హైకోర్టులో నిలబెట్టడం ప్రభుత్వ న్యాయవాదికి ఎంత కష్టమో అడిగి చూడండి.

సోమశిల జలాశయం ముంపు గ్రామాల వాళ్లు ఇక్కడ కొందరున్నారు. వాళ్లకు ఇదంతా పాత పాఠమే. 1894 భూసేకరణ చట్టం కింద పరిహారం పుచ్చుకునేటప్పుడు వేలిముద్ర పక్కన "అభ్యంతరంతో" అన్న మాట రాయించకపోతే పెంపు కోసం కోర్టుకు పంపమని అడిగే హక్కు పోయేది. రాయించినవాళ్లకు ఏళ్ల తర్వాత పెంపు వచ్చింది. పక్క పొలం వాడికి ఎక్కువ వచ్చిందని తెలిసి రాయించనివాళ్లు లబోదిబోమన్నారు. 1984 సవరణ 28-ఎ వాళ్లకు ఒక కిటికీ తెరిచింది: పక్కవాడి కేసులో కోర్టు అవార్డు వచ్చిన నాటి నుంచి 3 నెలల్లో కలెక్టరును అడగవచ్చు. ఆ 3 నెలలు ఎప్పుడు మొదలయ్యాయో ఊళ్లో ఒక్క ప్లీడరు చెబితేనే తెలిసేది. ఆ కబురు చెప్పడానికి ప్లీడరు గారు అట్లూరు వైపు ఊళ్లకు స్వయంగా పోయేవారు. ఫీజు సంగతి ఆయన ఎప్పుడు అడిగారో ఎప్పుడు మరిచిపోయారో ఆయన ఇంట్లోవాళ్లు నాకన్నా బాగా చెప్తారు.

చివరికి ఇప్పటి సంగతి. ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చినప్పుడు రాష్ట్రమంతా ప్లీడర్లు కోర్టులు బహిష్కరించారు. టైటిల్ రిజిస్టరులో పేరు ఎక్కి, రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే తిరుగులేని రుజువు అన్నది ఆ చట్టం. సివిల్ కోర్టులను బయట పెట్టింది. అప్పీలు కూడా అధికారి దగ్గరికే, ఆ పైన హైకోర్టు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పక్క తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులనే తీసేసి, ఉన్న కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపి, పార్టీలను వినకుండా తేల్చారన్న ఫిర్యాదులు తెచ్చుకుంది. 2025లో భూభారతి చట్టంతో అప్పీళ్లు మళ్లీ తెచ్చుకున్నారు. వినకుండా ఖాయం చేయడం నిలవదన్నదే రెండు చోట్లా పాఠం గాబట్టి దీని మీద ఎక్కువ సేపు తీసుకోను.

టైట్లింగ్ చట్టం పోయింది గదా అని మనవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఎక్కడికీ పోలేదు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే నడుస్తున్నది దాని కిందే. ఊరి సర్వే అయ్యాక పట్టాదారుకు సెక్షన్ 9 లోని రెండో ఉపవిభాగం కింద నోటీసు ఇవ్వాలి. దాని మీద సెక్షన్ 11 కింద అప్పీలు. అప్పీళ్లు అయ్యాక జిల్లా గెజిట్‌లో సెక్షన్ 13 నోటిఫికేషన్ వేస్తారు. ఆ రోజుతో ఆ ఊరి హద్దులు ఖాయం. ఆ తర్వాత మిగిలేది సెక్షన్ 14 ఒక్కటే: నోటిఫికేషన్ తేదీ నుంచి 3 ఏళ్లలోగా సివిల్ కోర్టులో దావా. ఇక్కడ "తెలిసిన నాటి నుంచి" అన్న మాట లేదు. కవరు లేదు, భూతద్దం పనిచేయదు. గెజిట్‌లో అచ్చయిన తేదీ ఒక్కటే లెక్క.

రీసర్వే అయిన ఊళ్లలో అన్నదమ్ములకు కలిపి ఒకే ల్యాండ్ పార్సెల్, అంటే ఎల్‌పీ నంబరు పడిన జాయింట్ ఎల్‌పీఎంలు ఉన్నాయి, పాత సర్వే నంబరు కన్నా సెంట్లు తగ్గినవి ఉన్నాయి. చాలామంది వాటిని సచివాలయం సర్వేయరుతో సరిచేయించుకుందామని తిరుగుతున్నారు. తిరగండి. కానీ మీ ఊరి 13 నోటిఫికేషన్ ఏ తేదీన వచ్చిందో జిల్లా సర్వే ఆఫీసులో కనుక్కొని, ఆ తేదీని పాసుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి. మొదటి విడత ఊళ్లలో ఆ 3 ఏళ్లలో చాలా భాగమో, మొత్తమో ఇప్పటికే గడిచిపోయి ఉంటుంది. ఎవరి ఊరి తేదీ వాళ్లు తెస్తే, ఈ సభ అయ్యాక బార్ అసోసియేషన్ గదిలో జూనియర్లు దావా గడువు లెక్కగట్టి చెప్తారు. అందుకు ఫీజు లేదు.